దారిలో జారిపోయే ‘కావచ్చు’

సంక్రాంతికి బంగారుపాళ్యం పోయినప్పుడు మా మామ తన ఫోను నా చేతిలో పెట్టాడు. "చదువుకున్నోడివి కదా, ఇది నిజమో అబద్ధమో చెప్పు" అన్నాడు. యూట్యూబ్ వీడియో. థంబ్‌నెయిల్ మీద గోవిందరాజస్వామి గుడి గోపురం సగం దాకా నీళ్లలో ఉంది. పక్కనే ఎర్రటి అక్షరాలు: ‘2050కి తిరుపతి సముద్రంలోనే!’ పదకొండు నిమిషాల వీడియోలో తిరుపతి పేరు రెండుసార్లు వచ్చింది. ఆ రెండుసార్లూ ‘మునిగిపోతుందా?’ అన్న ప్రశ్నే. మిగతాదంతా ఎక్కడెక్కడివో వరద దృశ్యాలు, గుండెలదిరే మ్యూజిక్.

తిరుపతి టౌను సముద్రమట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తులో ఉంది. భూమి మీదున్న మంచంతా కరిగిపోయినా సముద్రం పెరిగేది దాదాపు 70 మీటర్లేనని శాస్త్రవేత్తల లెక్క. ఇప్పటిదాకా జరిగింది చూస్తే, 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు పెరుగుదల సుమారు 20 సెంటీమీటర్లు. తీరంలో ఇల్లున్నవాడికి అది చిన్న సంగతి కాదు, కానీ గాంధీరోడ్డుకు దాంతో పని లేదు. తిరుపతి జిల్లా సంగతి వేరు. 2022లో కొత్త జిల్లా వచ్చాక తడ, సూళ్లూరుపేట, పులికాట్ సరస్సు కూడా మనవే అయ్యాయి. సముద్రం గురించి అడగాల్సిన ప్రశ్నలు నిజంగా ఉన్నది అక్కడ. వాటి మీద ఎవరూ థంబ్‌నెయిల్ పెట్టరు. పులికాట్‌కు గోపురం లేదు మరి.

ఇదంతా చెబితే మామ నవ్వేశాడు. "నాకు తెలీదా అబ్బోడా! తిరుపతి మునగాలంటే ముందు మద్రాసు ఏమైపోవాల? అందుకే చెప్తాండా, మీ సైంటిస్టులు చెప్పేదంతా ఇంతే."

నాకు పేచీ ఆ చివరి మాట దగ్గరే. ఆ వీడియో చేసింది సైంటిస్టు కాదు. కానీ వీడియో చేసినవాడినీ, నివేదిక రాసినవాడినీ, టీవీలో అరిచినవాడినీ మామ ఒకే గాటన కట్టేశాడు. అందుకు ఆయన్ని తప్పుపట్టలేను. 2012 డిసెంబర్ 21న యుగాంతం అని మన చానెళ్లు రోజుల తరబడి ఊదరగొట్టడం ఆయన చూశాడు. 22న పొద్దున్నే లేచి ఆవుకు గడ్డి వేశాడు. క్షమించమని ఏ చానెలూ అడగలేదు.

పెద్దపెద్దవాళ్లు కూడా ఇలా దొరికిపోయారు. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన నిపుణుల సంఘం ఐపీసీసీ. 2007 నాటి దాని నివేదికలో హిమాలయాల్లోని హిమానీనదాలు 2035కల్లా కనుమరుగయ్యే అవకాశం చాలా ఎక్కువ అని ఒక వాక్యం ఉంది. తీగ లాగితే అది పరిశోధనా పత్రం నుంచి రాలేదని తేలింది. ఒక స్వచ్ఛంద సంస్థ నివేదికలోంచి తీసుకున్నారు. ఆ సంస్థ 1999లో ఒక పత్రికలో వచ్చిన ఇంటర్వ్యూ మీద ఆధారపడింది. 2009 చివర్లో మన పర్యావరణ శాఖ విడుదల చేసిన పత్రం హిమానీనదాలు అలా మాయమైపోతాయనడానికి ఆధారం లేదంటే, అప్పటి ఐపీసీసీ అధ్యక్షుడు రాజేంద్ర పచౌరి దాన్ని చేతబడి సైన్సు అన్నట్టు తీసిపారేశారు. మూడు నెలలు తిరక్కుండానే, 2010 జనవరిలో, ఐపీసీసీ పొరపాటు ఒప్పుకుంది. తప్పు కంటే ఆ తీసిపారేయడమే ఎక్కువ చెరుపు చేసిందని నా అభిప్రాయం.

అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ కథ ఇంకో రకం. 2009 డిసెంబర్‌లో కోపెన్‌హేగెన్‌లో ఆయన మాట్లాడుతూ, ఐదు నుంచి ఏడేళ్లలో ఉత్తర ధ్రువ సముద్రంలో వేసవి మంచు పూర్తిగా లేకుండా పోయే అవకాశం 75 శాతం ఉందన్నారు. ఆ లెక్క ఎవరిదని చెప్పారో ఆ పరిశోధకుడే, ఆ శాతం ఎలా వచ్చిందో తనకు అర్థం కాలేదన్నాడు. గోర్ చెప్పిన గడువు 2016తో అయిపోయింది. మంచు ఇంకా ఉంది. అయితే 2012 సెప్టెంబర్‌లో అది సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. ఉపగ్రహాలు కొలవడం మొదలయ్యాక అంత తక్కువ ఎప్పుడూ లేదు. ‘పోలేదు గానీ బాగా తగ్గింది’ అని హెడ్డింగ్ పెడితే ఎవరు క్లిక్ చేస్తారు?

ఇంకా దగ్గరి ఉదాహరణ 2024 మే 29. ఢిల్లీలోని ముంగేష్‌పూర్‌లో 52.9 డిగ్రీలు! దేశంలోనే రికార్డని అన్ని భాషల్లోనూ బ్రేకింగ్ న్యూస్. మన వాట్సాప్ గ్రూపుల్లో కోడిగుడ్డు రోడ్డు మీద ఆమ్లెట్ అయిపోయింది. తర్వాత వాతావరణ శాఖ వాళ్లు పోయి చూస్తే, అక్కడి సెన్సరే 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేలింది. అయినా ఆ రోజు ఢిల్లీ ఎండ మామూలు ఎండేం కాదు. కాకపోతే 52.9 చూసినవాళ్లలో ఎంతమంది ఆ సవరణ చూసి ఉంటారు? తప్పు మొదటి పేజీలో వస్తే, సవరణ లోపలెక్కడో పెళ్లి ప్రకటనల పక్కన పడుకుంటుంది.

ఇన్ని చూశాక అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం. అయితే ఆ అనుమానాన్ని ఎక్కడ పెట్టాలన్నదే తేల్చుకోవాలి.

పరిశోధనా పత్రంలో ఉన్న వాక్యం మన ఫోనుకు చేరేలోపు ఏమవుతుందో గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. మూలంలో ‘ఉద్గారాలు ఫలానా విధంగా పెరిగితే, ఫలానా ఏళ్ల మధ్య, ఇంత నుంచి ఇంత వరకు పెరిగే అవకాశం ఉంది’ అని ఉంటుంది. ప్రెస్‌నోట్‌లో ‘పెరిగితే’ పోతుంది. ఏజెన్సీ వార్తలో ‘ఇంత నుంచి ఇంత’ పోయి, పెద్ద అంకె ఒక్కటే మిగులుతుంది. డెస్కులో అనువాదం చేసేవాళ్లకు టైముండదు, ‘కావచ్చు’ పోయి ‘తప్పదు’ వస్తుంది. థంబ్‌నెయిల్ దాకా వచ్చేసరికి మిగిలేది నీళ్లలో గోపురం.

ఇందులో శాస్త్రవేత్తల పాత్ర అసలు లేదని నేననను. చాలా ఏళ్లు పరిశోధనల్లో అన్నిటికంటే ఘోరమైన ఉద్గారాల ఊహ ఒకటి వాడారు. బొగ్గు వాడకం ఈ శతాబ్దం చివరికి ఎన్నో రెట్లు పెరుగుతుందనుకుంటే వచ్చే లెక్క అది. దాన్ని ‘ఇలాగే పోతే జరిగేది’ అని పిలవడం తప్పని 2020లో వాతావరణ శాస్త్రవేత్తలే గట్టిగా రాశారు. మన పత్రికల్లో శతాబ్దాంతపు భయానక వార్తలు చాలావరకు ఆ లెక్క నుంచి వచ్చినవే, కానీ ఆ మాట వార్తలో ఉండదు.

2022 వేసవిలో ఇంకో తమాషా జరిగింది. మార్చి, ఏప్రిల్‌లో ఉత్తర భారతం, పాకిస్తాన్ మండిపోయాయి. అలాంటి వేడి వచ్చే అవకాశాన్ని వాతావరణ మార్పు 30 రెట్లు పెంచిందని ఒక శాస్త్రవేత్తల బృందం చెప్పింది. బ్రిటన్ వాతావరణ శాఖ 100 రెట్లు అంది. "వీళ్లలో వీళ్లకే పొసగలేదు" అని నా మిత్రుడు ఎగతాళి చేశాడు. నిజానికి వాళ్లు వేసుకున్న ప్రశ్నలే వేరు. బ్రిటన్ వాళ్లు అడిగింది 2010 రికార్డును దాటే అవకాశం గురించి, మొదటి బృందం లెక్కేసింది 2022లో వచ్చిన వేడిని. ప్రశ్న ఏమిటో చెప్పకుండా జవాబు ఒక్కటే అచ్చేస్తే, రెండు నిజాలు కూడా అబద్ధాల్లాగే కనిపిస్తాయి.

మరి జోస్యాల మాట పక్కనపెట్టి భూమి ఎంత వేడెక్కుతుందో లెక్కగట్టే శాస్త్రవేత్తల మోడళ్ల రికార్డు చూద్దాం. 1970 నుంచి 2007 దాకా వచ్చిన 17 మోడళ్ల అంచనాలను ఆ తర్వాత నిజంగా పెరిగిన వేడితో పోల్చి 2020లో ఒక పరిశోధన వచ్చింది. మనిషి ఎంత కార్బన్ వదులుతాడన్న ఊహలో తేడాను సరిచేసి చూస్తే 14 మోడళ్లు సరిపోయాయి. ‘1970లలో మంచుయుగం వస్తుందన్నారు కదా’ అనేవాళ్లకూ జవాబుంది. 1965 నుంచి 1979 దాకా వచ్చిన పత్రాలను తర్వాత లెక్కపెడితే చల్లబడుతుందన్నవి 7, వేడెక్కుతుందన్నవి 44. పత్రికలకు నచ్చింది ఆ ఏడు.

మా ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే, పాకాల దగ్గర గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. అక్కడి రాడార్‌కు 130 మీటర్ల చదరంలో 1,024 యాంటెన్నాలు. వాటిని చూస్తే ఇనుప తోటలా ఉంటుంది. ఆకాశంలో ఎంత ఎత్తున గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో కొలవడం దాని పని. ఎవరికీ టెన్షన్ పెట్టని పని కాబట్టి చానెళ్ల కెమెరాలు అటు పెద్దగా తిరగవు.

ఇక హెచ్చరికల సంగతి. 2021 నవంబర్‌లో తిరుపతిలో ఉన్నవాళ్లకు ఆ వారం ఇంకా కళ్లముందే ఉంటుంది. అలిపిరి మెట్ల మీద నుంచి నీళ్లు జలపాతంలా దూకాయి, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, స్వర్ణముఖి ఒడ్లు కోసేసింది. 19న పక్కనే కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. దిగువ ఊళ్లలో పదుల సంఖ్యలో జనం పోయారు. ఆ వెంటనే రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరుతోందని తెలిసి, కింది పల్లెలన్నీ ఖాళీ చేయమన్నారు. జనం చేతికందిన మూటలతో, పశువులతో ఎత్తైన చోట్లకు పోయారు. ఇసుక బస్తాలు వేసి కట్టను నిలబెట్టారు. చెరువు తెగలేదు.

అప్పుడు నేను విన్న మాట: "ఊరికే భయపెట్టి చంపినారు." ఇది నాకు నచ్చదు. తెగవచ్చు అన్నారు, బస్తాలు వేశారు, తెగలేదు. దీన్ని తప్పిన జోస్యాల్లో కలిపేస్తే రేపు చెయ్యేరు ఒడ్డున ఎవరు మాట వింటారు? వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ అంటే చర్యలు తీసుకోండి అని యంత్రాంగానికి ఇచ్చే సూచన, ప్రళయం వస్తోందని కాదు. టీవీలో మాత్రం ఆ రంగుకు సైరన్ కూడా తోడవుతుంది. నాలుగుసార్లు సైరన్ మోగి జల్లు పడితే, ఐదోసారి జనం దుప్పటి కప్పుకుని పడుకుంటారు.

దీనికి అవతలి వైపు ఇంకో మోసం ఉంది, దాన్ని తక్కువమంది పట్టించుకుంటారు. ఆ వరద తర్వాత నాయకులూ అధికారులూ ఎవరిని అడిగినా వాతావరణ మార్పే అన్నారు. ఒక డిగ్రీ వేడి పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టగలదు, వాన కుండపోతగా పడడానికి అది ఒక కారణమే. కానీ తిరుపతి కాలనీల్లో నీళ్లు మంచాలెక్కింది ఒక్క ఆకాశం వల్లేనా? వంకలు పూడ్చిందెవరు, చెరువుల్లో ప్లాట్లు వేసిందెవరు, వాటికి అనుమతులిచ్చిందెవరు? ‘భూతాపం’ అన్నాక ఈ ప్రశ్నలు అడిగేవాడు ఉండడు. ఒకప్పుడు విధిరాత అని తప్పించుకునేవాళ్లు, ఇప్పుడు దానికి సైన్సు పేరు దొరికింది.

మామ దగ్గరికి వస్తాను. ఆ రోజు ఆయనకు కావలసింది 2050 కాదు. బెంగళూరా మామిడి చెట్లు పూత మీదున్నాయి, తేనెమంచు పురుగు కనిపిస్తోంది. "రేపు మందు కొట్టొచ్చునా, వాన పడతాదా? అది చెప్పు చాలు." వాతావరణ శాఖ సూచన తీసి చదివాను: జిల్లాలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు పడే అవకాశం.

"ఆ ఒకటి రెండు చోట్లలో నా తోట ఉండాదా?"

"అది చెప్పలేరు మామా."

కాసేపు తూర్పు దిక్కుకు చూశాడు. మందు ఖరీదెంతో, తడిస్తే పోయేదెంతో, ఒక రోజు ఆగితే పురుగు తినేదెంతో ఆయనకు తెలుసు. ఆగుదామన్నాడు. మరుసటి రోజు వాన రాలేదు. మామ వాతావరణ శాఖను తిట్టలేదు, వాళ్లు అబద్ధం చెప్పారనీ అనలేదు. ఆ మర్నాడు తెల్లవారకముందే డ్రమ్ముకు నీళ్లు పట్టే చప్పుడు వినిపించింది.