కిలోలు తగ్గాయి సరే, కాళ్లలో సత్తువ మాటేమిటి?

వారానికోసారి పొట్టకు పొడుచుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దాకా వచ్చేశాయి. 2025 మార్చిలో వాటిలో ఒకటైన మౌంజారో దేశంలోకి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల సీసా ధర 3,500 రూపాయలు. నెలకు నాలుగంటే 14 వేలు. అది బెంగళూరు, చెన్నై డబ్బున్నవాళ్ల ముచ్చట అని అందరూ అనుకున్నారు. 2026 మార్చిలో ఇదే తరహా మరో మందు సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు తీరడంతో దేశీ కంపెనీలకు దారి తెరుచుకుంది. ధర దిగేకొద్దీ తిరుపతి, చిత్తూరు మందుల షాపుల్లో అడిగేవాళ్లు పెరుగుతారు. మా టెన్షన్ కుర్రకారు గురించి కాదు. అమ్మానాన్నల మోకాళ్ల నొప్పులు చూడలేక పిల్లలు అమెరికా నుంచో బెంగళూరు నుంచో ఫోన్ చేసి ‘ఇది మొదలుపెట్టమ్మా’ అంటే మొదలుపెట్టే అరవై, డెబ్బై ఏళ్ల పెద్దవాళ్ల గురించి.

ఈ మందుల్ని కొట్టిపారేయాలన్నది మా ఉద్దేశం కాదు. 45 ఏళ్లు దాటి, గుండె, రక్తనాళాల జబ్బు, అధిక బరువు ఉన్న 17 వేల మందికి పైగా మీద జరిగిన ‘సెలెక్ట్’ ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి. షుగర్ లేని వాళ్లే అయినా సెమాగ్లూటైడ్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. మోకీళ్లు అరిగిన స్థూలకాయుల మీద 2024లో వచ్చిన మరో అధ్యయనంలో బరువు సగటున 13.7 శాతం తగ్గింది, నొప్పీ బాగా తగ్గింది. తిరుపతిలోని బర్డ్ ఎముకల ఆసుపత్రికి కీళ్ల కోసం వచ్చేవాళ్లను చూసినవారికి ఇది చిన్న సంగతి కాదని తెలుసు. అరవై దాటినవారు, ఊబకాయం, గుండెజబ్బు, కీళ్ల జబ్బులు ఉన్నవారు కాలినడకన కొండకు రావద్దని 2024లో టీటీడీయే సూచించింది. అలిపిరి దగ్గర ఇల్లు పెట్టుకుని ఆ 3,550 మెట్లు ఎక్కలేకపోవడం తిరుపతి పెద్దవాళ్లకు ఎంత బెంగో బయటివాళ్లకు అర్థం కాదు. కాబట్టి ‘ఈ వయసులో ఇవన్నీ ఎందుకు’ అనడం సరికాదు. అవసరమైనవారికి ఈ మందు అందాల్సిందే.

కానీ తూకం మీద తగ్గే ప్రతి కిలో కొవ్వే అనుకుంటే పొరపాటు. సెమాగ్లూటైడ్‌కు పేరు తెచ్చిన 2021 నాటి ప్రయోగంలో 68 వారాల్లో బరువు సగటున 14.9 శాతం తగ్గింది. వారిలో కొందరికి స్కానింగ్ చేసి చూస్తే, పోయిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కానిది. అంటే కండ, నీరు వగైరా. ఆ ప్రయోగంలో పాల్గొన్నవారి సగటు వయసు 46. ఆ వయసులో కాస్త కండ పోయినా తట్టుకుంటారు. డెబ్బైలో కండ అప్పటికే ఏటా కరుగుతూ ఉంటుంది. పైగా మన పెద్దవాళ్ల ఒంటి తీరే వేరు. పొట్ట ముందుకు వచ్చి ఉంటుంది, పిక్కలు మాత్రం సన్నంగా ఉంటాయి.

ఇది ఊహతో చెబుతున్న భయం కాదు. అమెరికాలో బరువు తగ్గడానికి సెమాగ్లూటైడ్‌నే వెగోవీ పేరుతో అమ్ముతారు, ఆ మందుతో ఇచ్చే వివరాల పత్రంలోనే రాసి ఉంది. సెలెక్ట్ ప్రయోగంలో 75 ఏళ్లు పైబడినవారిలో తుంటి, కటి ఎముకలు విరిగినవారు మందు వాడిన వర్గంలో 2.4 శాతం, వాడని వర్గంలో 0.6 శాతం. వయసుతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లందరిలో చూస్తే 1 శాతం, 0.2 శాతం. వందకు ఇద్దరో ముగ్గురో కదా అనిపించవచ్చు. తుంటి విరిగి మంచాన పడ్డ మనిషి ఇంట్లో ఉన్నవాళ్లెవరూ అలా అనరు. ఇంకో చిక్కూ ఉంది. మందు ఆపేస్తే ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చేసినట్టు తేలింది. వచ్చేది ఎక్కువగా కొవ్వే. పోయిన కండ ఆ వయసులో అంత తేలిగ్గా తిరిగి రాదు. ఖర్చు భరించలేక నాలుగు నెలలు వాడి, మూడు నెలలు మానేసే అలవాటు అందుకే మరీ చేటు.

మన జిల్లాల్లో ఉపవాసాలుండే పెరటాసి శనివారాలు ఉన్నాయి, ఏడాది పొడవునా శనివారం ఒక్కపొద్దులు ఉన్నాయి. గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్రో ఇన్సులినో తీసుకుంటున్న పెద్దావిడ ఈ ఇంజెక్షన్ కూడా మొదలుపెట్టిందనుకుందాం. ఆకలి చచ్చిపోయి రెండు ముద్దలు కూడా దిగవు. ఆ పూట ఒక్కపొద్దు. మాత్ర మాత్రం మామూలుగానే పడింది. షుగర్ ఒక్కసారిగా దిగిపోయి స్నానాల గదిలో కళ్లు తిరిగి పడిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి? షుగర్ మాత్రల మోతాదు తగ్గించాలా అన్నది ఇంజెక్షన్ మొదలుపెట్టే రోజే డాక్టరు తేల్చాలి. బీపీ మాత్రలదీ అదే సంగతి, బరువు తగ్గితే బీపీ కూడా తగ్గుతుంది. వాంతులు, విరేచనాలు ఈ మందుకు మామూలే. మే నెల ఎండలో అవి పట్టుకుంటే ఒంట్లో నీరు ఇంకిపోయి కిడ్నీల మీద పడుతుంది. ఈ మందు నింపి వచ్చే ఇంజెక్షన్ పెన్నును తెరవనంతవరకు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలన్న సంగతి కూడా కొనేటప్పుడు ఎవరో ఒకరు చెప్పాలి.

తిండి విషయానికి వద్దాం. కండ నిలవాలంటే పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజూ కనీసం గ్రాము మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి 60 గ్రాములు. వంద గ్రాముల రాగిపిండితో చేసిన సంగటిలో ఉండేది 7 గ్రాములే. గుడ్డులో 6, గ్లాసు పాలలో 6, పిడికెడు ఉలవల గుగ్గిళ్లలో మరో 6. మామూలు ఆకలి ఉన్నప్పుడే ఈ లెక్క కుదరడం కష్టం. ఆకలే లేనప్పుడు ముందు గుడ్డో పప్పో గుగ్గిళ్లో తిని, తర్వాత సంగటి ముట్టుకోవాలి. చాలా ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మెట్టు ఎక్కిదిగడం లాంటి వ్యాయామం కూడా తోడైతేనే తిన్నది కండకు పడుతుంది. ఊరికే నడిస్తే చాలదు.

కాళ్లలో సత్తువ ఉందో లేదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఆసియా వైద్య నిపుణుల బృందం 2019లో ఇచ్చిన కొలతలు ఉన్నాయి. పిక్క చుట్టుకొలత మగవారికి 34, ఆడవారికి 33 సెంటీమీటర్ల లోపు ఉంటే అనుమానించాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే కండ బలహీనపడుతున్నట్టే. కావలసినవి దర్జీ టేపు, ఫోన్లో గడియారం, అంతే. బీపీ, షుగర్ చూడటానికి ఇంటింటికీ వచ్చే ఏఎన్‌ఎంల చేతికి ఆ టేపు కూడా ఇవ్వాలి. అరవై దాటినవారికి ఈ మందు రాసేముందు ఈ రెండు కొలతలూ చీటీ మీద ఉండే పద్ధతిని తిరుపతిలోని స్విమ్స్, రుయా ఆసుపత్రులు మొదలుపెడితే ప్రైవేటు క్లినిక్‌లకూ దారి చూపినట్టవుతుంది.

చీటీ లేకుండా ఈ మందు అమ్మకూడదన్న నిబంధన ఉంది. ఊబకాయానికి మందు ఉందని ప్రచారం చేసుకోవడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. గోడల మీద, ఫోన్లలో కనిపిస్తున్నదేమిటో ఔషధ నియంత్రణ అధికారులకు మేం చెప్పాల్సిన పని లేదు. ఇక డబ్బు సంగతి. నెలకు 4,000 రూపాయల పింఛనుతో బతికే గుండె రోగికి సగం ధరకు వచ్చినా ఈ మందు భారమే. ఎవరికి నిజంగా అవసరమో తేల్చి వాళ్లకు ప్రభుత్వాసుపత్రి ద్వారా ఇవ్వగలమా అన్నది వైద్యారోగ్య శాఖ ఇప్పుడే లెక్కవేయాలి.

ఇప్పటికే వాడుతున్న పెద్దవాళ్లు ఇది చదివి కంగారుపడి మానేయవద్దు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న షుగర్, బీపీ, కీళ్ల మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్లి చూపించండి. ఇంజెక్షన్ మొదలయ్యాక వీటిలో ఏది తగ్గించాలో, ఏది ఆపాలో అడగండి. నెలకు రెండు కిలోల కంటే ఎక్కువ తగ్గుతున్నా, మెట్లెక్కడం మునుపటికంటే కష్టమవుతున్నా అది శుభవార్త అనుకోకుండా వెంటనే చెప్పండి.