కార్మికుడి వేలిముద్ర కూడా కంపెనీదేనా?

గల్ఫ్ కార్మికుడి ప్రైవసీ అనగానే మన దగ్గర వచ్చే మాట ఒకటే: "ముందు జీతం టైముకు ఇస్తే చాలు, ప్రైవసీ ఏం చేసుకుంటాడు?" జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ ఏజెంట్లే కాదు, చదువుకున్నవాళ్లూ ఇట్లాగే అంటారు. సైటులో ఎవరున్నారో తెలియాలి, ప్రమాదం జరిగితే లెక్క తేలాలి అనే వాదనలో నిజముంది. హాజరు తీసుకోవద్దని ఎవరూ అనడం లేదు. తీసుకున్న వివరాలు ఎవరెవరి చేతుల్లోకి పోతున్నాయన్నదే గొడవ.

పాస్‌పోర్టు కాపీ ముందు సబ్ ఏజెంట్ వాట్సాప్‌కు పోతుంది. మెడికల్‌లో 'అన్‌ఫిట్' వస్తే ఆ సంగతి ఆగేది ఏజెంటు దగ్గర కాదు, ఊళ్లో. అక్కడ దిగాక వీసా ఒక మ్యాన్‌పవర్ కంపెనీది, పని ఇంకో కాంట్రాక్టర్ కింద, సైటు మూడోవాడిది. ముఖం, వేలిముద్ర, అఖామా (నివాస అనుమతి కార్డు) నంబరు ముగ్గురి దగ్గరా ఉండొచ్చు. పాస్‌పోర్టేమో ఆఫీసు బీరువాలో. 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి, అయినా అడిగే నాథుడు లేడు.

గల్ఫ్‌లో చట్టాలే లేవనుకుంటే పొరపాటు. ఖతార్ 2016లోనే డేటా రక్షణ చట్టం చేసింది. సౌదీ చట్టం 2024 సెప్టెంబర్ నుంచి పూర్తిగా అమల్లో ఉంది. కానీ సౌదీలో యజమానిపై ఫిర్యాదు చేయాలంటే 'హురూబ్' భయం. అంటే పనినుంచి పారిపోయాడని యజమాని రాయిస్తే, మనిషి ఖల్లివెల్లి, అంటే అనుమతి లేకుండా ఉంటున్నవాడు, అయిపోతాడు.

అసలు కోపం మన చట్టం మీద రావాలి. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కన్నారు. 2023లో డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది. నియమాలకు 2025 నవంబర్ దాకా ఆగాం. ప్రధాన నిబంధనలకు మరో పద్దెనిమిది నెలల గడువిచ్చారు. ఇంతా చేసి 17వ సెక్షన్‌లో ఒక మినహాయింపు పెట్టారు: విదేశీ కంపెనీతో ఒప్పందం ప్రకారం, భారత్ బయట ఉన్నవాళ్ల వివరాలను ఇక్కడి సంస్థ ప్రాసెస్ చేస్తే, ఆ మనుషులకు చూసుకునే, సరిచేయించుకునే, తీసేయించుకునే హక్కులు వర్తించవు. డేటా లీకు కాకుండా కాపాడాలన్న బాధ్యత మాత్రం మిగులుతుంది. దోహాలో ఉన్న సిరిసిల్ల మేస్త్రీ హాజరు, జీతం లెక్కలను కాంట్రాక్టర్ తరఫున మడికొండ ఐటీ పార్కులో ఒక కుర్రాడు చూస్తున్నాడనుకోండి. ఇద్దరూ భారతీయులే, కంప్యూటర్ ఉన్నది మన గడ్డ మీదే. తప్పు పడిన హాజరును దిద్దమని అడిగే హక్కు మాత్రం మేస్త్రీకి ఈ చట్టం ఇవ్వదు. ఐటీ వ్యాపారానికి ఇబ్బంది రాకూడదని రాసిన వాక్యమిది. రాసేటప్పుడు వలస కార్మికుడు ఎవరికైనా గుర్తొచ్చాడంటే నేను నమ్మను.

సరిచేయడం కష్టమేమీ కాదు. ఈ మినహాయింపు నుంచి భారత పౌరులను తప్పించాలి. హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు విదేశీ పనికి వెళ్లే క్లియరెన్స్ ఇచ్చేముందు కాంట్రాక్టులో ఏ వివరాలు తీసుకుంటారు, ఎవరికిస్తారు, పని ముగిశాక ఎప్పుడు చెరిపేస్తారు అని తెలుగులో రాయించాలి.

ఎందుకు చేయరంటే, గల్ఫ్‌లో ఉన్నవాడు ఓటేయడు కాబట్టి. 2010 సవరణతో ప్రవాసులకు ఓటరు నమోదు హక్కు వచ్చినా, పోలింగ్ కేంద్రానికి స్వయంగా రావాలి. ఒక్క రోజు సెలవుకే ఫోర్‌మన్‌ను బతిమాలేవాడు విమానం టికెట్ కొని కోరుట్లలో ఓటేస్తాడా? పోస్టల్ బ్యాలెట్ మాట ఏళ్లుగా నలుగుతూనే ఉంది. అదొక్కటి ఇచ్చి చూడండి, 17వ సెక్షన్ మీద మన ఎంపీలు పార్లమెంటులో గొంతు చించుకుంటారు.