అక్షరక్రమమే మనకు రక్ష

పట్టికలో అంకెల్ని పెద్దవి పైన, చిన్నవి కింద పేర్చే దురలవాటు ఈ మధ్య కుర్రకారులో బాగా ముదిరింది. మొగ్గలోనే తుంచకపోతే కొంపలు మునుగుతాయి.

మన పరువుకి అక్షరక్రమం చేసిన మేలు అంతా ఇంతా కాదు. 2011 జనగణన అక్షరాస్యత లెక్కలే చూడండి. ఇంగ్లిష్ అక్షరాల వరసలో రాష్ట్రాలు రాస్తే అందరికంటే ముందు ఆంధ్రప్రదేశ్. అప్పటికింకా తెలంగాణ విడిపోలేదు కాబట్టి ఆ గౌరవం ఉమ్మడిది. పక్కన 67.02 శాతం. తర్వాత అరుణాచల్ 65.38. ఫర్లేదే అనిపిస్తుంది. మూడో వరసలో అస్సాం కాస్త ఇబ్బంది పెట్టినా, నాలుగో వరసలో బిహార్ 61.80తో వచ్చి ఆదుకుంటుంది. ఈలోగా చదివేవాడు పేజీ తిప్పేస్తాడు.

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఈ పట్టికని ఎక్సెల్‌లో ఒక్క నొక్కుతో తారుమారు చేశాడు. కేరళ 94తో పైకెక్కి కూర్చుంది. రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు కలిపి 35 ఉంటే మనం 31వ చోట తేలాం. మన కింద జార్ఖండ్, రాజస్థాన్, అరుణాచల్, బిహార్. అంతే. పైగా దశాంశాలు కోసేశాడు. 67.02 అంటే ఎంత కష్టపడి లెక్కపెట్టారో అనిపిస్తుంది. ఉత్త 67 అంటే పరీక్ష మార్కుల్లా లేదూ?

అక్కడితో ఆగాడా? మగవాళ్ల శాతం, ఆడవాళ్ల శాతం పక్కపక్కన పెట్టి, తేడా అని ఇంకో గడి కలిపాడు. కేరళలో 4. మన దగ్గర 16. బిహార్‌లో 20, రాజస్థాన్‌లో ఏకంగా 27. "చూడండి సార్, కిందికి దిగేకొద్దీ ఇంచుమించు తేడా పెరుగుతోంది" అన్నాడు సంబరంగా. అక్షరక్రమంలో ఉన్నన్నాళ్లూ ఎవరి కంటా పడని సంగతి! ఎవరు చూడమన్నారయ్యా?

మా పెద్దాయన అనుభవజ్ఞులు. "వరసలూ వావులూ మనకెందుకు బాబూ, పై చార్ట్ వెయ్యి" అన్నారు. 1801లో దాన్ని లోకానికిచ్చిన విలియం ప్లేఫెయిర్‌కి చేతులెత్తి మొక్కాలి. పేరులోనే 'పై' ఉంది, 'కింద' అన్న మాటే లేదు.

"అన్నీ కలిపితే వంద రావాలి కదా సార్..." అని గొణిగాడు కుర్రాడు. ఆయన వినిపించుకోలేదు.

35 ముక్కలు, 35 రంగులు, త్రీడీలో. మన ముక్కని తిప్పి ముందుకి తెచ్చాం. దగ్గరగా ఉన్నది పెద్దగా కనపడుతుంది కదా, కేరళ మన వెనక సన్నగా నక్కింది. నిన్ననే ప్రింటుకి పంపేశాం.