గోల్ఫ్‌లో ‘జోన్’ కోసం మాత్ర మింగమంటున్న ఆ మెసేజ్ గురించి

“గోల్ఫ్‌లో జోన్‌లోకి వెళ్లే 7 రహస్యాలు” అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. జోన్ అంటే ఆటలో పూర్తిగా లీనమై, అన్నీ వాటంతటవే కుదిరిపోయే స్థితి. చివర్లో “మీతో ఆడేవాళ్లందరికీ పంపండి” అని ఉంది కాబట్టి చదివినవాళ్లు చదివినట్టే పంపేస్తున్నారు. పంపేవాళ్లంతా ఆట తెలిసినవాళ్లే, మంచికే పంపుతున్నారు. అయినా ఇక ఊరుకోలేం. ఆ ఏడింటిలో ఒకటి ప్రాణం మీదికి తెచ్చేది, నాలుగు ఆటను పాడుచేసేవి, ఒకటి పట్టించుకోనక్కర్లేనిది. మిగిలిన ఒక్కదాని సంగతి చివర్లో చెబుతాను.

“మనసును పూర్తిగా ఖాళీ చేయండి. స్వింగ్ గురించి ఒక్క ఆలోచన కూడా రాకూడదు.”

ఫలానా ఆలోచన రాకూడదని మనసుకు చెప్పి చూడండి, ముందు వచ్చేది అదే. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 1998లో దీన్ని పుట్టింగ్ (గ్రీన్ అనే నున్నటి గడ్డి మీద బంతిని దొర్లించి, హోల్ అనే గుంటలోకి పంపడం) మీదే పరీక్షించి చూపించాడు. లక్ష్యం దాటిపోయేలా కొట్టవద్దని ఆడేవాళ్లకు చెప్పి, అదే సమయంలో ఒక సంఖ్యను గుర్తుంచుకోమన్నారు. బుర్ర మీద ఆ బరువు పడగానే, ఏది వద్దన్నారో అదే ఎక్కువగా చేశారు. ఎడమవైపు నీళ్లున్న హోల్‌లో “నీళ్లలో పడకూడదు” అనుకుంటూ నిలబడేవాళ్లకు జరిగేదీ ఇదే.

పైగా ఈ సలహా ఎవరికో చెప్పకుండా అందరికీ ఇచ్చేశారు. మనస్తత్వ శాస్త్రవేత్త సియాన్ బైలాక్ బృందం చేసిన పుట్టింగ్ ప్రయోగాల్లో చేయి తిరిగిన ఆటగాళ్లు తమ స్ట్రోక్‌ను అడుగడుగునా గమనించుకుంటే ఆట చెడింది. కొత్తవాళ్లకు మాత్రం అలా గమనించుకోవడమే మేలు చేసింది. గ్రిప్ (క్లబ్ అనే గోల్ఫ్ కర్రను పట్టుకునే తీరు) ఇంకా కుదరని మనిషిని “ఏమీ ఆలోచించకు, కొట్టు” అంటే బంతి ఎటు పోతుందో ఆ మెసేజ్ రాసినవాళ్లే చెప్పాలి.

చేయాల్సింది మనసుకు ఒక చిన్న పని అప్పగించడం. బంతి వెనక నిలబడి దూరం, గాలి, బంతి ఏ గడ్డిలో ఉంది, ఏ క్లబ్, ఎక్కడ పడాలి అనేవన్నీ అక్కడే తేల్చుకోండి. బంతికి, లక్ష్యానికి మధ్య ఉన్న గీత మీద, బంతికి రెండు మూడు అడుగుల ముందు ఒక గుర్తు వెతకండి. ఎండుటాకో, గడ్డిలో మచ్చో ఏదైనా చాలు. దిగ్గజ గోల్ఫర్ జాక్ నిక్లాస్ పేరు చెబితే గుర్తొచ్చే అలవాటే ఇది. బంతి దగ్గరికి వచ్చాక ముందు క్లబ్‌ఫేస్‌ను (క్లబ్‌లో బంతిని తాకే ముఖాన్ని) ఆ గుర్తుకు సరిచేసి, తర్వాతే పాదాలు పెట్టాలి. లక్ష్యం వైపు ఒకటి రెండు చూపులు, వెంటనే స్వింగ్. మొదట పాదాలు పెట్టేసి తర్వాత క్లబ్‌ఫేస్‌ను తిప్పుకునేవాళ్లకు భుజాలు ఒకవైపు, ఫేస్ ఇంకోవైపు చూస్తుంటాయి. ఆ తేడా ఒంటికి తెలుస్తూనే ఉంటుంది, అందుకే చివరి క్షణంలో అనుమానం పుడుతుంది. అనుమానంతో కొట్టిన షాట్‌లో డౌన్‌స్వింగ్ (క్లబ్ బంతి మీదికి దిగే ఊపు) మధ్యలోనే చేతులు నెమ్మదిస్తాయి. ‘ఏడో నంబర్ ఐరన్ క్లబ్బా, ఆరో నంబరా’ అనే ప్రశ్న బంతి దగ్గరికి వచ్చాక కూడా మిగిలి ఉంటే వెనక్కి తగ్గి, మళ్లీ మొదటి నుంచి రావాలి.

పుట్టింగ్‌లో ఆ పని కళ్లకు అప్పగించాలి. కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ వికర్స్ దీనికి ‘క్వైట్ ఐ’ అని పేరు పెట్టింది. మంచి పుట్టర్లు స్ట్రోక్‌కు ముందు బంతి వెనక అంచు మీద రెండు మూడు సెకన్లు చూపు నిలుపుతారు. బంతి వెళ్లిపోయాక కూడా అది ఉన్న చోటే పావు సెకను దాకా చూస్తారు. అంత నేర్పు లేనివాళ్ల చూపు బంతికి, హోల్‌కు, పుటర్ తలకు మధ్య తిరుగుతూనే ఉంటుంది. బంతి మీద ఒక గుంటను ఎంచుకుని చూడటం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. ఖాళీ మనసు కంటే ఇది తేలిక, ఫలితం కూడా కనిపిస్తుంది.

“మొదటి టీ నుంచి చివరి పుట్ దాకా ఏకాగ్రత సడలకూడదు.”

లెక్క వేయండి. 80 స్ట్రోకులు, ఒక్కోదానికి 40 సెకన్లు అనుకుంటే మొత్తం 53 నిమిషాలు. అడ్డంకి లేకుండా ఆడే వీలు దొరికాక 40 సెకన్లలోపు కొట్టేయాలని గోల్ఫ్ నిబంధన 5.6 కూడా సిఫార్సు చేస్తోంది. రౌండ్‌కు పట్టేది నాలుగు గంటలు, ఒక్కోసారి ఎక్కువ. మిగతా మూడు గంటలూ బిగుసుకుని నడిస్తే పద్నాలుగో హోల్ దగ్గరికి వచ్చేసరికి బుర్ర మొద్దుబారుతుంది. సరిగ్గా అప్పుడే రెండడుగుల పుట్లు తప్పుతాయి.

శ్రద్ధకు ఒక ఆన్, ఒక ఆఫ్ ఉండాలి. గ్లవ్ పట్టీ బిగించడం ఆన్. క్లబ్‌ను తిరిగి బ్యాగులో పెట్టడం ఆఫ్. చెత్త షాట్ కొడితే చిరాకు పడండి, తప్పేమీ లేదు, కానీ క్లబ్ బ్యాగులోకి వెళ్లేదాకానే. ఆ తర్వాత పక్కవాళ్లతో కబుర్లాడండి, చెట్లు చూడండి, నీళ్లు తాగండి.

“షాట్‌కు ముందు గబగబా పది లోతైన శ్వాసలు తీసుకుని, ఊపిరి బిగబట్టి కొట్టండి.”

గబగబా లోతుగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. తల తేలిపోయినట్టు ఉంటుంది, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి. గ్రిప్ ఒత్తిడిని గుర్తుపట్టాల్సిన వేళ్లు అవే. ఇక ఊపిరి బిగబడితే మెడ, భుజాలు బిగుసుకుంటాయి, బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ను వెనక్కి ఎత్తే ఊపు) కురచబడుతుంది. బంతి వెనక ఉన్నప్పుడే ముక్కుతో నాలుగు సెకన్లు పీల్చి, ఆరు సెకన్లు వదలండి. రెండుసార్లు చాలు. బంతి దగ్గరికి వచ్చాక శ్వాస సంగతి మర్చిపోండి.

“పోటీ రోజు పొద్దున్నే, చేతి వణుకు తగ్గించే గుండె మాత్ర సగం వేసుకోండి. సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.”

దీన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఏం పంపారో చదివారా? ఆ మెసేజ్ చెబుతున్నది ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్ల గురించి. డాక్టర్ మనిషిని చూసి, గుండె వేగం చూసి, ఇంకేం మందులు వాడుతున్నారో అడిగి రాసే మందు అది. గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒకే మోతాదు చెప్పే అధికారం ఎవరిచ్చారు?

ఆస్తమా ఉన్నవాళ్లు ప్రొప్రనొలాల్ వేసుకుంటే శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. ఆస్తమా ఉన్న సంగతి పోటీలో తోటివాళ్లకు తెలిసి ఉండాలనేం లేదు, ఇన్‌హేలర్ బ్యాగులో ఉండాలనీ లేదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. షుగర్ పడిపోతున్నప్పుడు గుండెదడ, వణుకు వచ్చి మనిషిని హెచ్చరిస్తాయి. ఈ మందు ఆ రెండు హెచ్చరికలనూ కప్పేస్తుంది. మిగిలేది చెమట ఒక్కటే. ఎండలో తొమ్మిదో హోల్ ఆడుతున్న మనిషికి చెమట పడితే అది షుగర్ వల్లనని ఎవరు అనుకుంటారు? ఇప్పటికే గుండె వేగం తగ్గించే మందులు వాడుతున్నవాళ్లకు ఇది తోడైతే గుండె మరీ నెమ్మదిస్తుంది. ఎవరికైనా సరే, పుట్ గీత చూడటానికి గొంతుక్కూర్చుని ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరిగే అవకాశం పెరుగుతుంది. పద్దెనిమిది హోల్స్ నడిస్తే ఎనిమిది, పది కిలోమీటర్లు. ఆ నడకకు తగినట్టు గుండె వేగం పుంజుకోకుండా ఈ మందే అడ్డుపడుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. డాక్టర్ రాసిచ్చి బీటా బ్లాకర్ వాడుతున్నవాళ్లు ఇది చదివి మానేయవద్దు. హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమే. పోటీల్లో ఆడుతుంటే మీ డాక్టర్‌తో మాట్లాడి, వైద్య మినహాయింపుకు దరఖాస్తు చేసుకోవాలి. ఎందుకంటే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ జాబితా ప్రకారం గోల్ఫ్ పోటీల్లో బీటా బ్లాకర్లు నిషిద్ధం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా పిస్టల్ షూటర్ ప్రొప్రనొలాల్‌తో దొరికి రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. “సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు” అన్న మెసేజ్‌లో నిషేధం ముక్క లేనే లేదు.

ఇంతా చేస్తే జోన్ వస్తుందా? రాదు. మాత్ర చేసేదల్లా అడ్రినలిన్ ప్రభావాన్ని తగ్గించడం. గ్రీన్ వాలు చదవడం, క్లబ్ ఎంచుకోవడం, గాలిని అంచనా వేయడం అది నేర్పదు. చిన్న పుట్ల దగ్గర మణికట్టు ఎగిరిపడే యిప్స్‌కు మూలం కూడా అందరిలో కంగారు కాదు, కొందరిలో అది నరాల సమస్య. అలాంటివాళ్లు పుటర్ మీద ఎడమ చేతిని కుడి చేతి కిందికి దించో, పంజాలా పట్టుకునే క్లా గ్రిప్‌కు మారో చూస్తారు. ఒంటిని మందగింపజేస్తే చాలు అనుకోవడం జోన్‌ను పూర్తిగా తలకిందులుగా అర్థం చేసుకోవడం. ఫ్లో అనే భావనను వివరించిన మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి చెప్పింది, సవాలు మన నేర్పుకు సరితూగాలని. ఎదుట స్పష్టమైన గురి ఉండాలి, ఫలితం వెంటనే తెలియాలి. 20 హ్యాండిక్యాప్ ఉన్న, అంటే అంత నేర్పు లేని ఆటగాడు నీళ్ల అంచున ఉన్న జెండాకు గురిపెడితే సవాలు నేర్పును మించిపోతుంది. అతనికి కావాల్సింది గ్రీన్ మధ్యకు గురి మార్చుకోవడం.

ఈ మాత్ర పాయింటు పంపినవాళ్లు దయచేసి అదే గ్రూపుల్లో “అది తప్పు, వేసుకోవద్దు” అని ఇంకో మెసేజ్ పెట్టండి. డిలీట్ చేసినంత మాత్రాన సరిపోదు, చదివినవాళ్లు చదివేశారు.

“ఎడమ చేతికి రాగి కడియం ధరించండి.”

బరువు తేడా అనిపించకపోతే వేసుకోండి. ముందుకు పోదాం.

“జోన్‌లో ఉంటే ప్రతి పుట్ పడుతుంది. పడటం లేదంటే మీరు జోన్‌లో లేనట్టే.”

పీజీఏ టూర్ ప్రొఫెషనల్ ఆటగాళ్లే ఎనిమిది అడుగుల పుట్లలో దాదాపు సగం తప్పుతారు. పది అడుగుల నుంచి పడేవి సుమారు 40 శాతం, ఇరవై అడుగుల నుంచి 15 శాతం. హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లే. గ్రీన్ మీద ఒక కాలి అచ్చు చాలు, మంచి స్ట్రోక్‌ను పక్కకు తిప్పేయడానికి. జిమ్ ఫ్యూరిక్ 2016లో ట్రావెలర్స్ చాంపియన్‌షిప్ చివరి రౌండ్‌ను 58 స్ట్రోకుల్లో ముగించినప్పుడు కూడా ఏడు హోల్స్‌లో వచ్చింది పారే (ఆ హోల్‌కు నిర్దేశించిన స్ట్రోకుల సంఖ్యే). ఆ ఏడు హోల్స్‌లో అతను జోన్‌లోంచి బయటికి వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లాడా?

ఈ పాయింటు చేసే నష్టం ఏమిటంటే, ఒక పుట్ తప్పగానే “పోయింది” అనుకుని తర్వాతి షాట్ నుంచే తనను తాను గమనించుకోవడం మొదలవుతుంది. తప్పిన పుట్ గురించి అడగాల్సినవి రెండే: గురిపెట్టిన గీత మీదే బయల్దేరిందా, వేగం అనుకున్నంత ఉందా. రెండూ అవునైతే రొటీన్‌లో ఏమీ మార్చవద్దు.

“కూనిరాగం తీస్తూ కొట్టండి.”

చదవగానే కొట్టిపారేయాలనిపించే పాయింటు ఇదే. కానీ ఇది సరైనదే, ఒప్పుకోవాలి. స్వింగ్ బాగా కుదిరినవాళ్లకు ఒత్తిడిలో వచ్చే చిక్కల్లా లోపల నడిచే మాటల సూచనలే: మోచేయి, మణికట్టు, నడుము. రాగం తీస్తుంటే ఆ సూచనలకు చోటు ఉండదు. పైగా లయ నిలబడుతుంది. మంచి ఆటగాళ్ల ఫుల్ స్వింగ్‌లో బ్యాక్‌స్వింగ్‌కు పట్టే సమయం, డౌన్‌స్వింగ్‌కు పట్టేదానికి సుమారు మూడింతలు ఉంటుంది. కంగారులో మొదట పోయేది ఆ బ్యాక్‌స్వింగ్ భాగమే. నెమ్మదైన రాగం ఒకటి ఎంచుకుని, ముందు ప్రాక్టీస్ గ్రీన్ మీద మూడు, నాలుగు అడుగుల పుట్లతో అలవాటు చేసుకోండి. తర్వాత దగ్గరి షాట్ల వెడ్జ్, ఆ తర్వాతే దూరం కొట్టే డ్రైవర్. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు ఇది ఇప్పుడే వద్దు.

రాగం మీ నోట్లోనే ఉండాలి, పక్కవాళ్ల చెవిన పడకూడదు. ఇయర్‌ఫోన్‌లో పాట పెట్టుకుని లయ పట్టడం మాత్రం నిబంధన 4.3 ప్రకారం కుదరదు. మొత్తం స్ట్రోకులు లెక్కించే స్ట్రోక్ ప్లేలో మొదటిసారి రెండు స్ట్రోకుల పెనాల్టీ, రెండోసారి డిస్‌క్వాలిఫికేషన్.