ఫ్రెంచి పంతులమ్మకు ఫ్రెంచి ఎందుకండీ?

విజయవాడ, గుంటూరుల్లో పెద్ద ఫీజుల స్కూళ్లు కొన్ని ఫ్రెంచో జర్మనో చెబుతామని ఊరిస్తున్నాయి. జాతీయ విద్యా విధానం-2020 కూడా సెకండరీ స్థాయిలో నేర్చుకోవచ్చంటూ కొరియన్ నుంచి రష్యన్ దాకా ఎనిమిది విదేశీ భాషల పేర్లు ఏకరువు పెట్టింది. మరి పంతుళ్లు ఎక్కడ తయారవుతారని కొందరు చాదస్తులు ఆరా తీస్తున్నారు. వారి చింత తీర్చడం నా కనీస ధర్మం.

టీచరన్నాక బీఎడ్ ఉండాలి. దాని ప్రవేశ పరీక్ష, మన ఎడ్‌సెట్‌లో లెక్కలు, ఫిజికల్ సైన్స్, బయలాజికల్ సైన్స్, సోషల్, ఇంగ్లిష్ ఉన్నాయి. ఫ్రెంచ్ లేదు. కాబట్టి ఫ్రెంచ్ టీచర్ కాదలచిన అమ్మాయి సోషల్ తీసుకుని కృష్ణా డెల్టా మీద లెసన్ ప్లాన్లు రాస్తుంది. ఇది లోపమనుకునేరు, దూరదృష్టి! రేపు సోషల్ సార్ సెలవు పెడితే ఆ పీరియడ్ ఎవరి నెత్తిన పడుతుందో స్టాఫ్‌రూమ్‌లో ఎవరినడిగినా చెబుతారు. 2015లో బీఎడ్‌ను రెండేళ్లు చేశారు. రికార్డులకు అట్టలేసి, స్కెచ్ పెన్నుతో మార్జిన్లు గీసుకోవడానికి ఏడాది చాలదని పెద్దలు గ్రహించినట్టున్నారు.

ఇక భాష సంగతి. ఫ్రెంచివాళ్లు డెల్ఫ్ అని ఓ పరీక్ష పెడతారు. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, ఒక్కోదానికి 25 మార్కులు. నోరు తెరిచి మాట్లాడితే మార్కులట! ఇంటర్‌లో సంస్కృతం తీసుకుని, ఒక్క వాక్యమైనా పలక్కుండా నూటికి 98 తెచ్చుకున్న జాతి మనది. మన దగ్గరా ఈ వేషాలు? పైగా అందులో 50 వస్తే పాసు. బెంజి సర్కిల్లో ఫ్లెక్సీ కట్టిస్తే పిల్ల ఫొటో పక్కన 50 అని వేయించుకుంటామా? బంధువులకు ఏమని చెప్పుకుంటాం?

అయినా స్కూల్లో డెమో క్లాసు ఇచ్చేటప్పుడు ఈ డెల్ఫ్ గొడవే రాదు. అమ్మాయి థర్మోకోల్‌తో చేసిన ఈఫిల్ టవర్ బల్ల మీద నిలబెట్టి, గంతులేస్తున్న గుండెతో "బోంజూర్" అంటుంది. వెనక బెంచీలో కరస్పాండెంటు గారు, ప్రిన్సిపాల్ మేడమ్, వాళ్ల వెనక టీ కప్పుల ట్రేతో ఆయా. ముగ్గురిలో ఫ్రెంచ్ ఎవరికెంత వచ్చో దేవుడికెరుక. "కొంచెం గట్టిగా చెప్పమ్మా, వెనక్కి వినపడాలి" అంటారు కరస్పాండెంటు గారు. తర్వాత అసలు పరీక్ష. "ఇంగ్లిష్ గ్రామర్ కూడా చెబుతావుగా? సాయంత్రం బస్ డ్యూటీ ఇబ్బంది లేదుగా?"

సర్కారు కొలువు మీద ఆశ ఉన్నవాళ్లకు మరీ నిశ్చింత. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే ఫ్రెంచ్‌కు ఒక్కటీ లేదు. కోచింగ్ కోసం అవనిగడ్డ వెళ్లి హాస్టల్లో పడుకుని బిట్లు బట్టీపట్టే బాధ తప్పింది. పోస్టు లేదు గనక పోటీ లేదు, కటాఫ్ టెన్షనూ లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. 2014 నవంబరులో కేంద్రీయ విద్యాలయాల్లో మూడో భాషగా ఉన్న జర్మన్‌ను తీసి సంస్కృతం పెట్టాలన్నారు, అదీ విద్యా సంవత్సరం మధ్యలో. అంచేత ఫ్రెంచ్ నేర్చుకునే అమ్మాయిలూ, ఏలూరు రోడ్డు వైపు వెళ్లినప్పుడు పాత పుస్తకాల షాపులో ఓ సంస్కృతం గైడు కూడా బేరమాడి తెచ్చుకోండమ్మా.