పెరుగు గిన్నెకీ ప్రోబయోటిక్ మాత్రకీ మధ్య

మా అమ్మకు గ్లాసుడు పాలు తాగితే గంటలోపే కడుపు ఉబ్బిపోతుంది. గుడగుడలు, ఒక్కోసారి విరేచనం కూడా. అవే పాలు రాత్రి తోడు పెట్టి, మర్నాడు పెరుగన్నం కలుపుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు. "నాకు పాలు పడవు, పెరుగు పడుతుంది" అని ఎన్నో ఏళ్లు చెప్పుకుంటూ వచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు, నేను కూడా.

పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. అది అరగాలంటే చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ ఉండాలి. పసితనం దాటాక చాలామందిలో ఈ ఎంజైమ్ తగ్గిపోతుంది. మన దేశంలో ఉత్తరాది వాళ్లకంటే దక్షిణాది వాళ్లలో ఈ సమస్య ఎక్కువ. అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి జారి, అక్కడి బ్యాక్టీరియా వల్ల పులిసి గ్యాస్ అవుతుంది. పాలు పెరుగయ్యేటప్పుడు లాక్టోజ్‌లో కొంత భాగం లాక్టిక్ ఆమ్లంగా మారిపోతుంది. మిగిలినదాన్ని, పెరుగుతో పాటు కడుపులోకి వెళ్లిన బ్యాక్టీరియా తమ ఎంజైముతో అరిగిస్తాయి. అమ్మ మాట అక్షరాలా నిజం.

పెరుగు గురించి సైన్సు గట్టిగా ఒప్పుకున్న మేలు ఇదే. ప్రోబయోటిక్స్ వల్ల ఆ లాభం ఉంది, ఈ లాభం ఉంది అంటూ కంపెనీలు పెట్టుకున్న వందల దరఖాస్తులను యూరప్ ఆహార భద్రతా సంస్థ తోసిపుచ్చింది. పెరుగు బ్యాక్టీరియా లాక్టోజ్‌ను అరిగించడానికి సాయపడతాయన్న ఒక్క మాటను మాత్రం 2010లో ఒప్పుకుంది. అదీ గ్రాముకు కనీసం 10 కోట్ల బతికున్న బ్యాక్టీరియా ఉంటేనే అని షరతు పెట్టింది.

ప్రోబయోటిక్ అనే మాటను ఇప్పుడు ఎలా పడితే అలా వాడేస్తున్నారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ కలిసి కూర్చోబెట్టిన నిపుణులు దానికో అర్థం చెప్పారు. తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు మనిషికి ఆరోగ్యపరంగా మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు అని. సూక్ష్మజీవి బతికుండాలి, సరిపడా సంఖ్యలో ఉండాలి, మేలు చేస్తుందని రుజువై ఉండాలి. మూడూ కావాలి. ఈ లెక్కన మన ఇంటి పెరుగును కూడా ప్రోబయోటిక్ అనడం కష్టం. మీ గిన్నెలో ఏ రకం బ్యాక్టీరియా ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. తోడు పక్కింటి నుంచి తెచ్చుకుంటే ఒక రకం, ప్యాకెట్ పెరుగు నుంచి వేస్తే ఇంకో రకం. ఎండాకాలం నాలుగైదు గంటల్లోనే పుల్లబడుతుంది, చలికాలం గిన్నెకు గుడ్డ చుట్టినా ఓ పట్టాన తోడుకోదు. ఇంటి పెరుగు చక్కని ఆహారం. దానికి ఆ పేరు చాలు, ఇంకో పెద్ద పేరు అక్కర్లేదు.

ఫోన్లో తిరిగే వీడియోల్లో "మన అమ్మమ్మల ప్రోబయోటిక్స్" అంటూ ఇడ్లీ, ఆవకాయ, అంబలి, చద్దన్నం అన్నీ ఒకే గాటన కట్టేస్తారు. నాకు ఇవన్నీ ఇష్టమే, అందుకే వీటి గురించి ఉన్నదున్నట్టు చెప్పాలనిపిస్తుంది. ఇడ్లీ పిండిని పొంగించేది ల్యూకోనోస్టాక్ లాంటి బ్యాక్టీరియా. కానీ ఆవిరి మీద ఉడికేసరికి అవి చచ్చిపోతాయి. ఇడ్లీ తేలిగ్గా అరుగుతుందంటే కారణం వేరే. పులిసినప్పుడే పప్పులోని కొన్ని పదార్థాలు విరిగిపోతాయి, ఇనుము వంటి ఖనిజాలను ఒంటబట్టకుండా అడ్డుకునే ఫైటేట్ తగ్గుతుంది. ఆవకాయ అసలు ఈ జాబితాలోదే కాదు. ముక్క ఏడాదంతా నిలవ ఉండేది ప్రధానంగా ఉప్పు, ఆవపిండి, నూనె, మామిడి పులుపు వల్ల. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు. కడుపుకు మంచిదని ఆవకాయ ఎక్కువ వేసుకునేవాళ్లు ఆ లెక్క మర్చిపోతున్నారు. మజ్జిగ పులుసు రుచే వేరు గానీ, కాగిన మజ్జిగలో బతికున్న బ్యాక్టీరియా మిగలవు.

చద్దన్నం, తరవాణి, అంబలి సంగతి వేరు. గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో కొన్ని ఇళ్లలో తరవాణి కుండ ఉండేది. అన్నం వార్చిన గంజి అందులో పోసి పులియబెట్టేవారు. రాత్రి మిగిలిన అన్నాన్ని ఆ పులిసిన నీళ్లలో నానేసి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినేవారు. దాన్ని మళ్లీ వండరు కాబట్టి బ్యాక్టీరియా బతికే ఉంటాయి. చల్లారిన అన్నంలో మరో విశేషం ఉంది. పిండిపదార్థంలో కొంత భాగం చిన్నపేగులో అరగని రూపానికి మారి, పెద్దపేగులోని బ్యాక్టీరియాకు మేత అవుతుంది. చోడి అంబలి అన్నా, రాగి అంబలి అన్నా, తైద అంబలి అన్నా ఒకటే. పిండిని రాత్రి పులియబెట్టినా పొద్దున కాస్తారు కాబట్టి, అందులోకి బతికున్న బ్యాక్టీరియా వచ్చేది చల్లారాక కలిపే మజ్జిగ నుంచే. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. రాత్రి అన్నం పులియడం వేరు, పాచిపోవడం వేరు. వాసన తేడాగా ఉన్నా, జిగురు సాగినా పారబోయాల్సిందే.

పులిసిన ఆహారానికి అనుకూలంగా నాకు తెలిసిన మంచి పరిశోధన 2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 36 మందిని రెండు గుంపులు చేసి, పది వారాల పాటు ఒక గుంపుకు పెరుగు, కెఫిర్ (పులిసిన పాల పానీయం), కిమ్చీ (కొరియా వాళ్లు పులియబెట్టే క్యాబేజీ) లాంటివి, మరో గుంపుకు పీచు ఎక్కువుండే ఆహారం పెట్టారు. పులిసినవి తిన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపును సూచించే ప్రొటీన్లు తగ్గాయి. చిన్న అధ్యయనమే. ఎవరి జబ్బూ నయం చేసి చూపించలేదు. అయినా రోజూ పులిసినవి తినడం వల్ల ఒంట్లో కొలవదగ్గ మార్పు వస్తుందని తేలింది.

ఇక మాత్రల విషయం. పోయిన ఏడాది పంటి నొప్పికి యాంటీబయోటిక్ రాయించుకుని మెడికల్ షాపుకు వెళ్తే, చీటీలో లేని కాప్సూళ్ల స్ట్రిప్ ఒకటి కలిపి ఇచ్చాడు. "వేడి చేయకుండా సార్" అన్నాడు. అందులో ఏముందని అడిగితే "మంచి బ్యాక్టీరియా" అన్నాడు. ఏ రకం, దేనికి పని చేస్తుంది అంటే జవాబు లేదు. నిజానికి ఈ సందర్భంలో మాత్రకు కొంత ఆధారం ఉంది. యాంటీబయోటిక్ వాడుతున్న పిల్లలపై జరిగిన 33 అధ్యయనాలను 2019లో, వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ సమీక్ష కలిపి చూసింది. ప్రోబయోటిక్ ఇచ్చినవాళ్లలో 8 శాతం మందికి, ఇవ్వనివాళ్లలో 19 శాతం మందికి విరేచనాలు పట్టుకున్నాయి. అయితే బాగా పనిచేసినవి శాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్టు, లాక్టోబాసిలస్ రామ్నోసస్ జీజీ వంటి ఒకటి రెండు రకాలే, అవీ పెద్ద మోతాదులో. ఇంకోవైపు ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2018లో 21 మందిపై చేసిన ప్రయోగంలో, యాంటీబయోటిక్ కోర్సు తర్వాత ప్రోబయోటిక్ మింగినవాళ్ల సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడానికి, ఏమీ మింగనివాళ్లకంటే ఎక్కువ కాలం పట్టింది. "మింగితే పోయేదేముంది" అనేవాళ్లకు చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను.

ఏ రకం, ఎవరికి, ఎందుకు అన్నదే అసలు ప్రశ్న. దానికి నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ మన పక్కనే ఒడిశాలో ఉంది. అక్కడి 149 గ్రామాల్లో 4,500 మందికి పైగా పసికందులపై డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం చేసిన అధ్యయనం 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. పుట్టిన కొద్ది రోజులకే, ఒక్క వారం పాటు, లాక్టోబాసిలస్ ప్లాంటారం అనే బ్యాక్టీరియాలో ఒకే ఒక్క రకాన్ని, దానికి మేతగా ఉండే ఒక పీచుతో కలిపి పట్టించారు. సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెచ్చే స్థితి) గానీ మరణం గానీ సంభవించిన వాళ్లు 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గారు. ఎంత పెద్ద విజయమో చూడండి. ఇది నెలలు నిండి లేదా దాదాపు నిండి, తగిన బరువుతో పుట్టిన పిల్లల సంగతి. బాగా ముందుగా, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు ఆస్పత్రుల్లో ప్రోబయోటిక్స్ ఇస్తే ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్లు రావచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో హెచ్చరించింది. అమెరికా, కెనడాల్లో విరేచనాలు పట్టుకున్న దాదాపు 1,800 మంది పిల్లలపై జరిగిన రెండు అధ్యయనాల ఫలితాలు 2018లో వస్తే, రెండింట్లోనూ ప్రోబయోటిక్‌కు, ఉత్తుత్తి మందుకు తేడా కనిపించలేదు. 2020లో అమెరికా గ్యాస్ట్రో నిపుణుల సంఘం కూడా ఐబీఎస్‌కు (తరచూ కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధకమో ఉండే పేగుల సమస్య) ప్రోబయోటిక్‌లను పరిశోధనలో భాగంగా తప్ప వాడొద్దంది. మన దగ్గర ఐబీఎస్ ఉన్నవాళ్లు నెలల తరబడి కొంటున్నది వీటినే.

ఆ డబ్బులో కొంత పీచు మీద పెడితే బాగుంటుందని నా అభిప్రాయం. మన కంచంలో పెరుగు ఇంకా ఉంది గానీ, బ్యాక్టీరియాకు మేత తగ్గిపోయింది. రోజుకు రెండు పూటలా పాలిష్ పట్టిన తెల్లన్నం, గరిటెడు కూర, ఆపైన పెరుగు. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, చిక్కుడు, జామకాయ వారంలో ఎన్ని రోజులు తింటున్నామో లెక్కేసుకుంటే తెలుస్తుంది. మలబద్ధకానికి ఇసబ్‌గోల్ పొట్టుకు ఉన్నంత ఆధారం చాలా కాప్సూళ్లకు లేదు. అది చవక కూడా. నీళ్లు బాగా తాగాలంతే. కాకపోతే పీచు అందరికీ ఒకేలా పడదు. ఐబీఎస్ ఉన్నవాళ్లకు ఉల్లి, వెల్లుల్లి, శనగలు, రాజ్మా లాంటివి ఉబ్బరం పెంచుతాయి. వాళ్లు ఏది పడుతుందో ఒక్కొక్కటే చూసుకుంటూ పెంచుకోవాలి. వాము, జీలకర్ర, ఇంగువ నేనూ వాడతాను, హాయిగానే ఉంటుంది. వికారానికి, ముఖ్యంగా గర్భిణుల వికారానికి అల్లం పని చేస్తుందనడానికి అధ్యయనాలున్నాయి. వాముకు అంత పరీక్ష జరగలేదు.

పిల్లలకు విరేచనాలైతే ముందు అందాల్సింది ఓఆర్ఎస్, ఆ తర్వాత జింక్. అక్కడ కూడా లేబుల్ మోసం ఎలా ఉంటుందో హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడి బయటపెట్టారు. చక్కెర నిండిన పానీయాలు డబ్బా మీద ఓఆర్ఎస్ అని రాసుకోవడానికి వీల్లేదని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. ప్రోబయోటిక్ అన్న మాటను కూడా అలాగే ఎవరైనా గట్టిగా పట్టించుకోవాలి. సీసా వెనక రకం పేరు పూర్తిగా ఉందా, గడువు తేదీ నాటికి ఎన్ని బతికుంటాయో రాశారా, ఎంత చక్కెర కలిపారు అన్నవి కొనేముందు మనం చూడాల్సినవి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది "గ్యాస్" అన్న మాట. మా వీధిలో ఒకాయన ఛాతీలో మంటగా ఉందని రెండు రోజులు మజ్జిగ, వాము, గ్యాస్ మాత్రలతో నెట్టుకొచ్చాడు. మూడో రోజు ఈసీజీ తీస్తే గుండెపోటని తేలింది. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే ఇంటి వైద్యానికి ఒక్క నిమిషం కూడా ఇవ్వకూడదు. మలంలో రక్తం, నల్లటి మలం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, రక్తహీనత, మింగడం కష్టం కావడం, నిద్రలోంచి లేపే కడుపునొప్పి, యాభై దాటాక కొత్తగా మారిన విరేచనాల తీరు, వీటిలో ఏది ఉన్నా పెరుగన్నం తింటూనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ వీధి పెద్దాయనకు రెండు స్టెంట్లు వేశారు. ఆ రెండు రోజులూ ఇంట్లో వాళ్లంతా ఆయన పొట్టకు వాము నీళ్లు కాస్తూనే ఉన్నారు.