స్టెంట్లున్న నాన్నగారు, ‘లేవు’ అని టిక్కు పెట్టిన ఏజెంటు

మా నాన్నగారికి 68 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం ఆయన గుండెకు రెండు స్టెంట్లు వేశారు. చెల్లెలి పురిటికి అమ్మా నాన్నా డాలస్ వెళ్లాల్సి వచ్చి ప్రయాణ బీమా కోసం ఒక ఏజెంటుకు ఫోన్ చేస్తే, ఆయన పాస్‌పోర్టు వివరాలన్నీ రాసుకుని, ‘పాత జబ్బులున్నాయా అన్నచోట లేవని పెట్టేస్తున్నాను సార్, ఉన్నాయంటే పాలసీ రావడం కష్టం’ అని ఎంతో మేలు చేస్తున్నట్టు చెప్పారు. స్పీకర్‌లో వింటూ, ఆరు నెలలకు సరిపడా ఎకోస్ప్రిన్, అటోర్వాస్టాటిన్ షీట్లు లెక్కపెట్టి రబ్బరుబ్యాండు వేస్తున్న నాన్నగారు తలెత్తి, ‘మరి అక్కడి డాక్టరు ఈ మాత్రలెందుకని అడిగితే ఏం చెప్పాలిరా?’ అన్నారు.

ఆ టిక్కు పెట్టడం కొరివితో తల గోక్కోవడమే. క్లెయిము పెట్టిన రోజున కంపెనీ పాత వైద్య రికార్డులు తిరగేస్తుంది. ఏజెంటు మాట ఏ కాగితం మీదా ఉండదు, సంతకం మాత్రం మనది.

నిజం రాస్తే అంతా సాఫీగా సాగుతుందనీ కాదు. చాలా ప్రయాణ పాలసీల్లో ముందునుంచీ ఉన్న జబ్బుకు రక్షణే ఉండదు. కొన్నింటిలో ప్రాణాపాయ స్థితికి మాత్రమే, అదీ పైన పెద్ద అక్షరాల్లో వేసిన మొత్తంలో చిన్న భాగం వరకే ఇస్తారు. అమెరికాలో అమ్మే సందర్శకుల పాలసీల్లో ‘అక్యూట్ ఆన్‌సెట్’ అనే మాట ఉంటుంది. అంటే పాత జబ్బు హఠాత్తుగా, ముందస్తు లక్షణాలేవీ లేకుండా తిరగబెట్టాలి, సాధారణంగా 24 గంటల్లో చికిత్సకు వెళ్లాలి. వారం రోజులుగా ఛాతీలో బరువుగా ఉన్నా, పిల్లలను కంగారు పెట్టడమెందుకని నోరు విప్పని మన పెద్దవాళ్లకు ఈ షరతు ఎంత ప్రమాదమో ఆలోచించండి.

‘ఎమర్జెన్సీలో డబ్బు అడగకుండా చూస్తారు’ అని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ధీమా ఉంది. 1986 నాటి అమెరికా చట్టం ప్రకారం పరీక్షించి, పరిస్థితిని కుదుటపరుస్తారు, నిజమే. బిల్లు మాత్రం ఇంటికి వస్తుంది. చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, అమెరికా సందర్శక వీసాకు ఆ నిబంధన లేదు. చాలామంది అక్కడే ఏమరుపాటు పడతారు.

2009లో మన దేశం నుంచి వెళ్లిన ఒక ప్రయాణికుడికి శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే చెమటలు పట్టి నీరసం వచ్చింది. అక్కడి ఆసుపత్రిలో మూడు స్టెంట్లు వేశారు. మధుమేహం ఉందని ఆయన ముందే ప్రతిపాదన పత్రంలో తెలిపినా, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల సంగతి రాయలేదనే సాకు కూడా కలిపి కంపెనీ క్లెయిము తిరస్కరించింది. జాతీయ వినియోగదారుల కమిషన్‌లో ఓడిన ఆయన 2021 డిసెంబరులో సుప్రీంకోర్టులో గెలిచారు. వివరాలు తెలుసుకుని పాలసీ ఇచ్చాక, పత్రంలో చెప్పిన జబ్బునే చూపి క్లెయిము ఎగ్గొట్టడం కుదరదని కోర్టు తేల్చింది. గెలిచింది సరే, పన్నెండేళ్లు పట్టింది! అదైనా, మధుమేహం ఉందని రాసినందుకే ఆ మాట ఆయనకు అక్కరకొచ్చింది.

స్టెంటు ఉన్నవారికి ఏది వస్తుందో, ఏది రాదో, ఎంతవరకో పాలసీ మొదటి పేజీలోనే తెలుగులో అచ్చువేయమని అడగడం అత్యాశ కాదు.

మేము ఉన్నదున్నట్టు రాశాం. ఒక కంపెనీ కాదంది. ఇంకొకటి ఎక్కువ ప్రీమియం తీసుకుని, ప్రాణాపాయానికి మాత్రమే పరిమితి పెట్టి ఇచ్చింది. నాన్నగారు డిశ్చార్జి సమ్మరీ, యాంజియోగ్రామ్ సీడీ, పాలసీ కాగితం మూడూ ఒకే కవర్‌లో పెట్టి, చేతిసంచిలో పైకి కనబడేలా సర్దుకున్నారు.